డానీ గుండె గీసిన గీత

డాక్టర్ రమామణి గాజు సీసాను కిటికీ వెలుతురులోకి జరిపి, మూత తీయకుండానే పెన్ను కొసతో ఒకచోట చూపించింది.

"రెండు గదుల నడుమ గోడ ఇది. మామూలుగా నా చిటికెనవేలంత మందం ఉంటుంది. దీన్ని చూడండి, రెండు వేళ్లు కలిపి పెట్టినా సరిపోదు."

సామ్యేల్ చూశాడు. పద్దెనిమిదేళ్లు పోలీసు శాఖలో నేర పరిశోధన చేసి, పై అధికారితో పడక ఉద్యోగం వదిలేసి, గోదావరిఖనిలో ఒక మేడమీద గది తీసుకుని 'ప్రైవేటు పరిశోధన' అని బోర్డు తగిలించుకున్న మనిషి. శవాలు ఆయనకు కొత్త కాదు. కానీ ఆ సీసాలో ఉన్నది డానీ గుండె. తాను చేసుకోవాల్సిన మేనమామ కూతురు రాహేలును ఇరవై మూడేళ్ల కింద చేసుకున్న డానీ గుండె. ఆ మనిషిని చూసి లోలోపల ఎన్నేళ్లు కుళ్లుకున్నాడో సామ్యేల్‌కు ఒక్కడికే తెలుసు. ఇప్పుడు ఆ కుళ్లంతా ఎటు పోయిందో, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది.

గోడ గడియారంలో రెండు గంటల పది నిమిషాలైంది.

డానీ ఆరెగూడెం బాయిలో పనిచేసేవాడు. ఇక్కడ గనిని బాయి అంటారు. కప్పు కూలకుండా ఊతాలు నిలబెట్టే పని అతనిది. పన్నెండు రోజుల కింద మొదటి షిఫ్టు ముగించుకుని, ఏటవాలు దారిన పైకి ఎక్కి వస్తూ, పగటిపూట రెండు గంటల ఇరవైకి కుప్పకూలిపోయాడు. పైకి తెచ్చేసరికే ప్రాణం పోయింది. వయసు నలభై ఆరు. పోలీసులు గుండెపోటు అని రాసి ఫైలు కట్టేసే పనిలో ఉన్నారు. రాహేలు కట్టనివ్వలేదు. చావుకు ఐదు వారాల ముందు డానీ బయటి ల్యాబులో తీయించుకున్న ఈసీజీ కాగితం ఒకటి ఆమె దగ్గర ఉంది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఆమె సామ్యేల్ మేడ మెట్లు ఎక్కింది, ఇన్నేళ్లలో మొదటిసారి.

సామ్యేల్ ఆ కాగితాన్ని సీసా పక్కన పరిచాడు. ఈ గుండె ఈ గీత గీస్తుందా అని అడిగాడు.

రమామణిది మంథని. పోస్టుమార్టం చేసింది ఆమే. ఏ ప్రశ్నకూ ఒక్క ముక్కలో జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు, తొందరపెడితే మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. గుండె కండలో పోగులు వరుసగా పేర్చినట్టు ఉంటాయనీ, కరెంటు ఆ పోగుల వెంట చకచకా పోతుందనీ, అడ్డంగా పోవాల్సి వస్తే నెమ్మదిస్తుందనీ చెప్పింది. డానీ గుండెలో పోగులు చిందరవందరగా అల్లుకుపోయాయి. వాటి నడుమ మచ్చలు కట్టాయి. మచ్చల మధ్య సన్నటి సందులు మిగిలాయి.

"చిక్కంతా ఆ సందుల ఆకారంలోనే ఉంది. సన్నటి సందులోంచి వచ్చిన కరెంటు ఒక్కసారిగా వెడల్పు కండలోకి తెరుచుకుంటే అక్కడే చతికిలబడుతుంది. అదే వెడల్పు వైపు నుంచి సందులోకి వస్తే దూసుకుపోతుంది. దారి ఒకటే. ఒక దిక్కు నుంచి మూత, ఇంకో దిక్కు నుంచి తెరుపు."

సామ్యేల్ తండ్రి బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు తోసిన కూలీ. అందుకని ఆయనకు ఈ మాట తన భాషలో తట్టింది. "ముగ్గురు మనుషులను ముప్పై టబ్బులు తొయ్యమంటే ఆగిపోతరు. ముప్పై మంది మూడు టబ్బులు తోస్తే ఉరుకుతయి. గంతే కదమ్మా?"

రమామణి మొదటిసారి నవ్వింది. అంతేనంది. అలాంటి దారి ఒకటి దొరికితే కరెంటు పోయిన చోటికే తిరిగొచ్చి గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుందట, నిమిషానికి రెండు మూడు వందల సార్లు. అప్పుడు గుండె కొట్టుకోదు, వణుకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడో పరుగెత్తేటప్పుడో మొదలవుతుంది. నిమిషాల్లో మనిషి పోతాడు.

"ఇలాంటి గుండె ఇంత శుభ్రమైన గీత గీయడం నూటికి ఐదుగురి విషయంలో జరగొచ్చు. అందుకని కాదని ఒట్టేసి చెప్పలేను. మిగిలిన తొంభై ఐదుగురికి గీత ఇట్లా ఉంటుంది." ఆమె ఒక చీటీ మీద గీసి ఇచ్చింది. నిటారుగా ఒక కొన, ఆ వెంటనే తలకిందులుగా లోతైన గుంట, మళ్లీ కొన, మళ్లీ గుంట.

సామ్యేల్ చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. తలుపు దగ్గర ఆమె ఆపింది. డానీకి పిల్లలున్నారా అని అడిగింది. ఒక్క బిడ్డ, డెబోరా, ఇరవై ఏళ్లు అన్నాడు సామ్యేల్. ఇది రక్తంలో దిగే జబ్బు, ఆ అమ్మాయికి సగానికి సగం అవకాశం ఉంది, వెంటనే స్కానింగు చేయించమనండి అంది రమామణి. అప్పటిదాకా మెట్లు కూడా గబగబా ఎక్కొద్దనండి అంది.

మూడు గంటలకు సామ్యేల్ రాహేలు క్వార్టరులో ఉన్నాడు.

ఆమె కుర్చీ వేసి, తాను గడపకు ఆనుకుని కింద కూర్చుంది. కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఆయన ఆ నెరిసిన వెంట్రుకల వంకే చూశాడు. అవి ఒక్కొక్కటిగా నెరుస్తుండగా చూసే భాగ్యం ఇంకొకడికి దక్కిందనిపించింది. ఆ ఇంకొకడు లేడిప్పుడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మనసులో ఏదో మూల చిన్న ఆశ కదలడం, దాని నెత్తిన తానే మొట్టడం, ఈ పన్నెండు రోజులుగా ఇదే వరస.

ఈసీజీ ఏ టైముకు తీశారని అడిగాడు. తొమ్మిది దాటి ఐదో పదో నిమిషాలు అయ్యుంటుందని, ఆ రోజు తామే మొదటి వాళ్లమని ఆమె చెప్పింది. అయిపోగానే ఆటో ఎక్కి వచ్చేశారట. కాగితం సాయంత్రం డానీ ఒక్కడే పోయి తెచ్చుకున్నాడు. అంత తొందరగా ఎందుకొచ్చారని సామ్యేల్ అడిగాడు.

"నల్లా పదిన్నరకు వస్తది కద బావ. పదకొండుకు బంద్ అయితది. ఆ రోజు నీళ్లు ఆయననే నింపిండు."

సామ్యేల్ కాగితం తీసి మూలకు చూశాడు. మిషను అచ్చువేసిన టైము పది నలభై రెండు. అంటే ఆ గీత గీస్తున్న సమయానికి డానీ ఈ వాకిట్లో బిందెలు మోస్తున్నాడు. నీకు ఆ టైము అంత గట్టిగా ఎట్లా గుర్తుంది అని అడిగాడు. రాహేలు చూపు వాకిట్లో గోడ మీదికి పోయింది.

ఆమె చూపు అటెందుకు పోయిందో తెలియాలంటే ఈ ఊళ్ల సంగతి ఒకటి తెలియాలి. ఇక్కడ 'అన్‌ఫిట్' అంటే ఇంటింటి ఆశ. పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే తండ్రి ఉద్యోగం పిల్లలకు వస్తుంది. అందుకని నలభై దాటిన వాళ్లలో సగం మందికి ఉన్నట్టుండి నడుము పట్టేస్తుంది, ఆయాసం వస్తుంది, కళ్లు మసకేస్తాయి. బోర్డు ముందు ఎట్లా కుంటాలో టీకొట్టు దగ్గర పాఠాలు చెప్పే అనుభవజ్ఞులున్నారు. ఇరుగుపొరుగు నవ్వుకుంటారు తప్ప తప్పు పట్టరు. డానీ కూడా దరఖాస్తు పెట్టాడు, డెబోరా కోసం. దరఖాస్తుతో పాటు బయట తీయించిన ఈసీజీ జతచేయాలి. అది బాగా లేకపోతేనే బోర్డు పిలుస్తుంది. డానీ కాగితం శుభ్రంగా ఉంది కనుక పిలవలేదు. అతను మామూలుగా బాయిలోకి దిగాడు.

"నాలుగో బిందె ఎత్తి ఆ గోడకు ఒరిగిండు బావ" అంది రాహేలు. "గుండె రెండు దెబ్బలు తప్పినట్టున్నది రాహేలూ అన్నడు. నేనేమన్ననో తెలుసా? నా ముంగట ఎందుకు ఈ నాటకం, బోర్డు ముంగట చూపియ్యి అన్న. నవ్విండు. నవ్వి ఐదో బిందె ఎత్తిండు."

సామ్యేల్ తల వంచుకున్నాడు. ఆమె అడగబోయేది ఆయనకు తెలుసు. డబ్బు గురించి, కేసు గురించి ఆమె ఒక్కసారీ అడగలేదు. డానీకి నిజంగా జబ్బుండెనా లేదా అన్న ఒక్క ప్రశ్న కోసమే ఆమె సామ్యేల్ మెట్లెక్కింది.

"ఉండె" అన్నాడు. "ఆయన నాటకం ఆడలేదు రాహేలూ. డాక్టరమ్మ చూపించింది. నేను చూసిన."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. వాకిట్లో వరసగా బోర్లించిన బిందెలను చూస్తూ కూర్చుంది. "ఒక్కసారి రావాలె బావ ఆయన" అంది. "ఉండమనను. ఒక్కసారి వచ్చి గోడకు ఒరిగి, గుండె తప్పుతుందని చెప్తే చాలు. కూసోబెట్టి నీళ్లిస్త."

తన కోసం ఎవరూ ఇట్లా ఎదురుచూడలేదని సామ్యేల్‌కు అనిపించింది. రాహేలు చూసేదేమో, చూసే అవకాశం తానే ఇవ్వలేదు. రెండేళ్లు ఆగమని చెప్పి ట్రైనింగుకు పోయాడు. ఒక్క ఉత్తరం రాయలేదు. మేనమామ ఎంతకాలం ఆగుతాడు, బాయి ఉద్యోగం ఉన్న పిల్లవాడిని చూసి ఇచ్చేశాడు. తప్పంతా తనదే, ఇందులో పరిశోధించడానికి ఏమీ లేదు.

డెబోరా ఏదని అడిగాడు. పోలీసు ఉద్యోగాల కోచింగ్‌కు పోయిందని చెప్పింది రాహేలు. రమామణి చెప్పిన మాట సామ్యేల్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూశాడు. పుండు మీద కారం చల్లినట్టవుతుందని భయపడ్డాడు. సాయంత్రం చెప్పొచ్చు, ఒక్కపూటలో ఏమవుతుంది అనుకుని ఆ మాట మింగేసి లేచి వచ్చేశాడు. ఇంకొకరైతే ఈ పాటికి చెప్పేసేవాళ్లు.

ల్యాబు ఒక మందుల దుకాణం పైన ఉంది. బోర్డు ఎప్పుడో ఊడిపోయింది, అందరూ గట్టయ్య ల్యాబనే అంటారు. నాలుగు గంటల ఐదు నిమిషాలకు సామ్యేల్ కింద గల్లా దగ్గరున్న గట్టయ్య చేత ఈసీజీ తియ్యాలని చీటీ రాయించుకుని మెట్లెక్కాడు.

లోపల ఒక గది, ఒక మంచం, మంచం పక్కన బల్లమీద మిషను. మిషను ముందు సంపత్. పాతికేళ్ల వాడు, శుభ్రంగా తల దువ్వుకున్నవాడు, పని తెలిసినవాడు. మిషను మీద అక్షరాల మీటలు అరిగి కొన్ని లోపలికి దిగబడి పోయాయి. పేరు కొట్టడానికి వీలుకాక, కాగితం బయటికి వచ్చాక పెన్నుతో రాస్తున్నాడు. నంబరు, తేదీ, టైము మాత్రం మిషను తనంతట తానే వేస్తోంది. సామ్యేల్ చొక్కా విప్పి పడుకున్నాడు. ఛాతీ మీద చల్లటి జిగురు, రబ్బరు బుడ్డీలు, చేతులకూ కాళ్లకూ క్లిప్పులు. కాగితం బరబరా బయటికొచ్చింది.

"మీది మంచిగున్నది సార్" అన్నాడు సంపత్.

ఈ గుండె గురించి ఒకరు మంచిమాట చెప్పడం ఇదే మొదటిసారని సామ్యేల్ మనసులో అనుకున్నాడు. కాగితం మూల చూశాడు. నంబరు మూడువేల నాలుగువందల ఎనభై తొమ్మిది. టైము నాలుగు పదహారు. తన గడియారంలోనూ నాలుగు పదహారే. చొక్కా వేసుకోకుండానే ప్యాంటు జేబులోంచి డానీ కాగితం తీసి పక్కన పెట్టాడు. నంబరు మూడువేల మూడువందల పద్దెనిమిది. టైము పది నలభై రెండు. పెన్నుతో రాసిన పేరు, డానియేల్.

ఇది నీ రాతేనా అని అడిగాడు. అవునన్నాడు సంపత్. తొమ్మిదింపావుకల్లా తీయించుకుని పోయి, పదిన్నరకు ఇంట్లో నల్లా నీళ్లు పట్టిన మనిషి గీత పది నలభై రెండుకు ఎట్లా వచ్చింది అని అడిగాడు. సంపత్ రబ్బరు బుడ్డీలు తుడవడం మొదలుపెట్టాడు. అప్పట్లో మిషను గడియారం తప్పు చూపించేదని, పోయిన నెలలో సరిచేశామని అన్నాడు. చెబుతున్నప్పుడు కళ్లు తలుపు వైపు పోయాయి.

తలుపులో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శ్రీచరణ్ నిలబడి ఉన్నాడు. గట్టయ్య ఫోను చేసి పిలిచాడన్నది చెప్పకనే తెలుస్తోంది. అతనిదీ మంథనే. పన్నెండేళ్ల కింద కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు పంచనామా రాయడం సామ్యేల్ దగ్గరే నేర్చుకున్నాడు. డానీ ఫైలు మూయాలని చూస్తున్నది అతనే.

"డ్యూటీల లేని మనిషి దుకాణాల మీద పడి ప్రశ్నలేస్తే దాన్ని ఏమంటరో మీరే నాకు నేర్పిండ్రు సామ్యేల్ గారూ."

"బెదిరింపు అంటరు" అన్నాడు సామ్యేల్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నేను ఈసీజీ తీయించుకునేటందుకు వచ్చిన. చీటీ ఉన్నది."

శ్రీచరణ్ నవ్వలేదు. రమామణితో తానూ మాట్లాడానని, నూటికి ఐదుగురికి గీత శుభ్రంగా రావచ్చని ఆమే చెప్పిందని అన్నాడు. నల్లా వచ్చే వేళను పట్టుకుని కోర్టుకు పోతే వకీలు నవ్విపోతాడన్నాడు. గడియారం తప్పుందని ఈ పిల్లవాడే చెబుతున్నాడన్నాడు. అన్నీ తూచినట్టే ఉన్నాయి. చివరకు అసలు మాట అన్నాడు. "గుండె జబ్బుతోటి పోయిండు. చంపినోడు ఎవడూ లేడు. ఆమె మీద మీకు పాత మమకారం ఉన్నదని ఊరందరికీ తెలుసు. దాన్ని కేసు చెయ్యకండి."

ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. సామ్యేల్‌కు అబద్ధమైతే కోపం వచ్చేది. నిజం కావడంతో గొంతు తగ్గింది.

"మమకారం ఉన్నది. లేదని ఎవలన్నరు? జబ్బున్నోన్ని మంచిగున్నవని కాగితమిచ్చి బాయిల దింపినోడు ఒకడున్నడు శ్రీచరణ్. వాని మీద నాకే మమకారం లేదు. గడియారం మార్చొచ్చు. ఈ నంబరు మార్చరాదు, ఒకటి తర్వాత ఒకటి అదే పడతది. ఆ రోజు గీతలన్నీ మిషను లోపల దాచుకుంటది. ఒక్కసారి తెరిపియ్యి. ఏం లేకపోతే నా బోర్డు నేనే పీకేస్త."

శ్రీచరణ్ రెండు కాగితాల నంబర్లూ చూశాడు. తర్వాత సంపత్ వైపు చూసి గడ్డం ఎగరేశాడు. సంపత్ పాత గీతలు తెరిచాడు. ఆ రోజు మొదటి గీత నంబరు మూడువేల మూడువందల పదకొండు, టైము తొమ్మిది పది. తెర మీద నిటారుగా ఒక కొన, తలకిందులుగా లోతైన గుంట, మళ్లీ కొన, మళ్లీ గుంట. సామ్యేల్ జేబులోంచి రమామణి గీసిన చీటీ తీసి తెర పక్కన పట్టుకున్నాడు. శ్రీచరణ్ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, ఒకటికి రెండుసార్లు పోల్చి చూశాడు. అతను మొండివాడే కానీ దొంగ కాదు. చీటీ మడిచి తన ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రశ్న అతనే అడిగాడు.

"ఈ కాగితం ఎవరి పేరు మీద పోయింది?"

సంపత్ మంచం అంచున కూలబడ్డాడు. తన మేనమామ కొమురెల్లి పేరు మీద పోయిందని చెప్పాడు. కొమురెల్లికి కొడుక్కు ఉద్యోగం కావాలి, ఏ రోగమూ లేదు. అదే రోజు పది నలభై రెండుకు తీయించుకున్నది అతనే. సంపత్ రెండు కాగితాల మీద పేర్లు తారుమారు చేసి రాశాడు. కొమురెల్లికి వచ్చే నెల బోర్డు ముందుకు రమ్మని పిలుపు వచ్చింది. డానీకి రాలేదు.

"నాకు తెల్వదు సార్" అన్నాడు సంపత్. "అన్‌ఫిట్ కోసం ఇక్కడికి వచ్చేటోళ్లకు బీమారుండదు సార్. ఒక్కరికన్న ఉంటదని నేను అనుకోలే. గా మనిషి గీత చూసి, ఏదో గోలి మింగి తెప్పిచ్చుకున్నడు అనుకున్న. మల్ల మింగితే మల్ల వస్తది, మా మామకైతే రాదు కదా అని మార్చిన."

రాహేలు అన్న మాటే ఇది, వేరే నోటి నుంచి. సామ్యేల్‌కు వాడిని కొట్టాలనిపించలేదు. ఈ ఊళ్లో ఎవరున్నా అదే అనుకునేవాళ్లు, తానున్నా. శ్రీచరణ్ కుర్చీ లాక్కుని వాంగ్మూలం రాసుకోవడం మొదలుపెట్టాడు. టైము నాలుగు నలభై నాలుగు.

సామ్యేల్ ఊరికే నిలబడలేక మిషను మీద బాణం గుర్తు మీటను నొక్కుతూ పోయాడు. గీతలు ఒక్కొక్కటే తెర మీద జరిగాయి. ఎవరివో మామూలు గుండెలు, చిన్న చిన్న తిన్నెల్లాంటి గీతలు. తన గీతకు మూడు నంబర్ల ముందు ఆయన వేలు ఆగిపోయింది. నిటారుగా కొన, లోతైన గుంట. పొరపాటున వెనక్కి పోయానేమో అనుకుని నంబరు చూశాడు. మూడువేల నాలుగువందల ఎనభై ఆరు. తేదీ నిన్నటిది. టైము సాయంత్రం ఐదు ముప్పై ఐదు.

చనిపోయి పన్నెండు రోజులైన మనిషి గుండె నిన్న సాయంత్రం ఈ మంచం మీద గీత గీసింది.

"సంపత్, ఇది ఎవరిది?"

శ్రీచరణ్ పెన్ను ఆగింది. సామ్యేల్‌కు అప్పటికే తెలిసిపోయింది. అయినా ఆ పేరు వాడి నోటితో వినాల్సి వచ్చింది.

డానీ బిడ్డ డెబోరా ఒక్కతే వచ్చిందట. కోచింగ్ వాళ్లు ఈ రోజు పరుగు పరీక్ష పెట్టారు, అందులో నెగ్గినవాళ్లకే ముందు తరగతులు. తండ్రి అట్లా పోయాడని తెలిసి ఆమెను మాత్రం ఈసీజీ తెమ్మన్నారు. గీత చూడగానే సంపత్‌కు డానీ గీత గుర్తొచ్చింది. పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. పరుగు అయ్యాక పోతా, రేపొక్కరోజుకు మంచి కాగితం ఇయ్యన్నా అని ఆమె బతిమాలింది. ఎందుకు పరుగెత్తకూడదో చెబితే డానీ సంగతి బయటికొస్తుంది. అందుకని వాడు నోరు మూసుకుని, వేరే ఎవరిదో శుభ్రమైన కాగితం మీద ఆమె పేరు రాసి ఇచ్చాడు.

"ఎన్ని గంటలకు పరుగు?"

"అయిదు గంటలకు సార్. పాత బాయి గ్రౌండుల."

నాలుగు నలభై ఎనిమిది. సామ్యేల్ మెట్లు దిగుతూనే డెబోరాకు ఫోను చేశాడు. స్విచాఫ్. రాహేలుకు చేశాడు. మధ్యాహ్నం మింగేసిన మాట ఇప్పుడు రెండు ముక్కల్లో చెప్పాల్సి వచ్చింది. అవతల ఆమె గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"నాతోటి చెప్పింది బావ. మొన్న. అమ్మా నాకు గూడ నాయిన లెక్క దడదడ అంటున్నదని. దుఃఖంల గట్లనే అనిపిస్తది, పండుకో బిడ్డా అన్న."

సామ్యేల్ ఫోను చెవికి పెట్టుకునే రోడ్డు మీదికి వచ్చాడు. జీపు వచ్చి పక్కన ఆగింది. శ్రీచరణ్ స్టీరింగు ముందున్నాడు, సంపత్‌ను కానిస్టేబులుకు అప్పజెప్పి వచ్చినట్టున్నాడు. "ఎక్కండి" అన్నాడు. ఒక చేత్తో జీపు నడుపుతూ రెండో చేత్తో కోచింగ్ వాళ్ల నంబరుకు చేస్తూనే ఉన్నాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. సైరన్ వేసి బొగ్గు టిప్పర్లను ఎడమ నుంచీ కుడి నుంచీ దాటించాడు. సామ్యేల్ గడియారం చూడటం మానేశాడు. ఎనిమిది వందల మీటర్లు, గ్రౌండు చుట్టూ రెండు చుట్లు, మూడున్నర నిమిషాలు. ఆయన కూడా ఒకప్పుడు పరుగెత్తి నెగ్గినవాడే.

బాయి మూతపడ్డాక చదును చేసిన నేల అది. జీపు గేటు దాటేసరికి పరుగు మొదలైపోయింది. ఇరవై మంది దాకా ఆడపిల్లలు అవతలి వైపు మలుపు తిరుగుతున్నారు. గట్టు మీద పిల్లల చప్పట్లు, ఈలలు. మైకులో ఎవరో రెండో చుట్టు, రెండో చుట్టు అంటున్నాడు. జీపు పూర్తిగా ఆగకముందే సామ్యేల్ దూకి నేల మీద అడ్డంగా పరుగెత్తాడు. శ్రీచరణ్ మైకు వైపు పరుగెత్తాడు.

డెబోరా నాలుగో స్థానంలో ఉంది. ముఖం పాలిపోయి ఉంది. ఎడమచెయ్యి ఒకసారి ఛాతీ మీదికి పోయి, ఏమీ లేదన్నట్టు మళ్లీ కిందికి వచ్చింది. సామ్యేల్ ఆమె పేరు పెట్టి అరిచాడు. ఆగు బిడ్డా అని అరిచాడు. ఈలల్లో తన గొంతు తనకే వినపడలేదు. రెండు చేతులూ పైకెత్తి ఊపాడు.

ఆమె చూసింది. ముందు నమ్మలేనట్టు చూసింది. తర్వాత నవ్వింది, ఇరవై మూడేళ్ల కింద రాహేలు నవ్విన నవ్వు. తండ్రి పోయాక తన పరుగు చూడటానికి ఇంటి మనిషి ఒకరు వచ్చారనుకుంది కాబోలు. ఆయనకేసి చెయ్యి ఊపి, తల వంచి, వేగం పెంచింది.